పుస్తకం మూశాక జరిగే చదువు: మా బడి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మాది. నేను సైన్సు చెబుతాను. సైన్సు క్లబ్బు, క్విజ్జు, యాత్రలు, పోటీలకు పేర్లు పంపడం, వచ్చిన సర్టిఫికెట్లు పంచడం, ఇవన్నీ కూడా చాలా ఏళ్లుగా నా నెత్తిమీదే ఉన్నాయి. జూన్ 12న బడి తెరిచిన నాటి నుంచి ఏప్రిల్‌లో మూసేదాకా తల్లిదండ్రులు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. గేటు దగ్గర ఒకరికి, టీ అంగడి దగ్గర ఒకరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నా గొంతుకు కాస్త సుఖమని రాశాను.

ఇవన్నీ పెట్టుకుంటే పదో తరగతిలో మార్కులు తగ్గవా సార్?

తగ్గొచ్చు. జనవరి దాటాక పదో తరగతి పిల్లవాణ్ని పోటీలని వారం రోజులు ఊళ్లు తిప్పితే తప్పకుండా తగ్గుతాయి. అందుకే మా బడిలో పదో తరగతివాళ్లకు డిసెంబరుతోనే అన్నీ బంద్. ఫిబ్రవరిలో సైన్సు దినోత్సవానికి కూడా వాళ్లు వచ్చి చూసి పోవాల్సిందే, ప్రదర్శన పెట్టేది తొమ్మిదోవాళ్లు.

6 నుంచి 9 దాకా చదివే పిల్లల విషయంలో మాత్రం ఈ మాట నేను ఒప్పుకోను. క్లబ్బుకు వారానికి పోయేది రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఇంట్లో పుస్తకం ముందు కూర్చునేవాడే అయితే నేనే పంపించేస్తాను. ఎక్కడ కూర్చుంటాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు, మీ ఫోను డేటాకూ తెలుసు.

ఏడాదిలో ఏమేం జరుగుతాయి? ముందే చెబితే సెలవులు చూసుకుంటాం.

ఆగస్టు 29న రెండు పండుగలు ఒకేరోజు పడతాయి. గిడుగు రామమూర్తి పుట్టినరోజు గనక తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు గనక జాతీయ క్రీడా దినోత్సవం. పొద్దున వ్యాసరచన, సాయంత్రం ఖోఖో. అక్టోబరు 4 నుంచి 10 దాకా అంతరిక్ష వారోత్సవాలు, డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజున గణిత దినోత్సవం. సి.వి. రామన్ తన ఫలితాన్ని కనుక్కున్న రోజు గనక ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం, ఇది మాకు పెద్ద పండుగ.

ఆ ఫిబ్రవరి 28కి మన ప్రాంతంతో ఇంకో చుట్టరికం ఉంది. 1919లో సరిగ్గా అదే తేదీన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. మదనపల్లె 2022 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. రామన్ తన ఫలితాన్ని కనుక్కున్నది 1928లో, అంటే ఈ సంగతి జరిగిన తొమ్మిదేళ్లకు. ఇది ఏ పాఠంలోనూ లేదు. క్విజ్జులో మాత్రం ప్రతి ఏడూ అడుగుతాను, ప్రతి ఏడూ ఒక్కరైనా తప్పు చెబుతారు.

ఇన్‌స్పైర్ అంటున్నారు, 10,000 రూపాయలు ఇస్తారంట కదా. మావాడి పేరు రాయండి సార్.

పేరు రాస్తే డబ్బులు రావు. ముందు ఆలోచన రావాలి. ఇన్‌స్పైర్ మనక్ అనేది కేంద్ర ప్రభుత్వ సైన్సు, టెక్నాలజీ విభాగం, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే కార్యక్రమం. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచనను రాసి ఇవ్వొచ్చు. ఉన్నత పాఠశాల నుంచి ఐదు ఆలోచనల దాకా హెడ్మాస్టరు గారు ఆన్‌లైన్లో పంపుతారు. ఎంపికైతే నమూనా తయారుచేసుకోవడానికి 10,000 రూపాయలు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలోనే పడతాయి. ఆ నమూనాతో జిల్లా ప్రదర్శన, అక్కడ నెగ్గితే రాష్ట్రం, ఆ పైన జాతీయ స్థాయి.

'ఆలోచన' అంటే ఏమిటని అడుగుతారు. ఒక ఉదాహరణ చెబుతాను, మా బడిలో జరిగిందే.

ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు మే నెల సెలవులు అయ్యాక బడికి వచ్చాడు. రెండు ముంజేతుల మీదా నల్లటి మచ్చలు. ఏమిరా అంటే, "సొన సార్" అన్నాడు. వాళ్ల నాయన మామిడితోపుల్లో కాయలు కోసే కూలీ. తోతాపురి కాయను దోటితో లాగితే తొడిమ దగ్గర తెగి సొన కారుతుంది, కింద నిలబడినవాడి చేతుల మీద, మెడ మీద పడి చర్మం కాలుతుంది. కాయ చిక్కంలో పడకుండా నేల తాకితే పగులుతుంది, పగిలిన కాయను మండీలో పక్కన పెట్టేస్తారు. "నాయన చేతులు ఇంకా ఘోరంగా ఉంటాయి సార్" అన్నాడు, పెద్ద విషయమేమీ కానట్టు.

సైన్సు గదిలో కూర్చొని నెల రోజులు దాని మీదే పడ్డాం. వాడి మొదటి బొమ్మలో దోటి కొనకు ఒక గుడ్డ గొట్టం ఉంది, కాయ తెగితే అందులోంచి జారి కిందికి వస్తుంది. వాళ్లమ్మ పాత చీర చించి కుట్టింది. ఆ గొట్టం మా బడి వేపచెట్టు కొమ్మకు కట్టి, పైనుంచి కాయలు వదిలాం. మూడో కాయ మధ్యలో ఇరుక్కుపోయింది, నాలుగోది దాని మీద కూర్చుంది. గుడ్డ ముడుచుకుపోవడమే దానికి కారణం. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సైకిల్ అంగట్లో పాత టైరుకు ఉండే ఇనుప తీగె అడిగి తెచ్చి, దాన్ని రింగులు చేసి గుడ్డ లోపల జానెడు దూరానికొకటి కుట్టించాడు. గొట్టం నోరు మూసుకుపోవడం ఆగింది. కాయ కిందికి వేగంగా వచ్చి పగులుతుంటే గొట్టం చివర ఒక వంపు పెట్టాడు, అక్కడ వేగం తగ్గి కాయ మెల్లిగా బుట్టలో పడుతుంది. సొన గుడ్డకే అంటుకుంటుంది.

వాడికి డబ్బులు వచ్చాయి. జిల్లా ప్రదర్శనకు వెళ్లాడు. రాష్ట్రానికి ఎంపిక కాలేదు. కాయ బరువుకు గొట్టం ఊగి దోటి పట్టుకున్న చెయ్యి నొప్పి పుడుతోందని అక్కడ ఒక న్యాయనిర్ణేత చెప్పారు, నిజమే. ఆ లోపం ఇంకా తీరలేదు.

కాబట్టి మీవాడి పేరు రాసుకోవాలంటే, "ఇంట్లో ఏ పని కష్టంగా ఉంది?" అని వాణ్ని అడిగి పంపండి. ఇంకో మాట, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, అందులో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నందుకు ఒక పాప విషయంలో నేను నాలుగుసార్లు బ్యాంకు మెట్లు ఎక్కాను. తప్పు మాదే, పేరు ఎక్కించింది నేనే.

సైన్సు ఫెయిరుకు మోడల్ అంగట్లో కొని తెచ్చుకోవచ్చా?

వద్దు. థర్మోకోల్ అగ్నిపర్వతం, లోపల వంటసోడా, పైన ఎర్రరంగు వెనిగరు. అది పొంగడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తిరుపతిలో స్టేషనరీ అంగళ్లవాళ్లకు ఫెయిరు తేదీలు మాకన్నా ముందే తెలుస్తాయి. కొన్న మోడల్ ఎక్కడ దొరికిపోతుందంటే, "దీన్ని రెండోసారి చేస్తే ఏం మారుస్తావు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర. చేసినవాడు తడుముకోకుండా పది చెబుతాడు, కొన్నవాడు వాళ్ల నాయన వైపు చూస్తాడు. నాన్నలే రాత్రంతా కూర్చొని చేసిన మోడళ్లూ వస్తాయి, అవి ఇంకా సులభంగా తెలిసిపోతాయి, అంచులు చాలా నున్నగా ఉంటాయి.

ఎనిమిదో తరగతిలో రాసే స్కాలర్‌షిప్ పరీక్ష ఏది? ఎవరు రాయొచ్చు?

ఎన్ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్షలో ఎంపికైతే 9 నుంచి 12వ తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు మొత్తం 48,000. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 చాలు. హాస్టలుతో కూడిన గురుకులాల పిల్లలకు వర్తించదు.

పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోటి 90 మార్కులకు. ఒకటి పాఠాల్లోది, రెండోది బుద్ధిని పరీక్షించేది, అంటే అంకెల వరుసలు, బొమ్మల్లో తేడా, దిక్కులు, సంకేతాలు. మన పిల్లలు తడబడేది రెండోదాని దగ్గరే. తెలివి లేక కాదు, అలాంటి ప్రశ్న ముందెప్పుడూ చూడకపోవడం వల్ల. ఆగస్టు నుంచి రోజూ బడి అయ్యాక ముప్పావుగంట వాటి మీదే కూర్చోబెడతాను. ఆవులు తోలుకురావాలని, తమ్ముణ్ని చూసుకోవాలని ఆ ముప్పావుగంటకు పిల్లలను పిలుచుకుపోకండి, దయచేసి. ఎంపికయ్యాక ప్రతి ఏడూ ఆన్‌లైన్లో రెన్యువల్ చేయాలి, అది మరిచిపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

ఒలింపియాడ్ ఫీజు కట్టమని ఎవరో వచ్చి అడుగుతున్నారు. కట్టాలా?

ఒలింపియాడ్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అదే తంటా. దేశం తరఫున పిల్లలను అంతర్జాతీయ పోటీకి పంపే అసలు దారిని నడిపేది ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం. గణితంలో మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే పరీక్ష. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక సంఖ్య. పేపరు చూస్తే సులభంగా కనిపిస్తుంది, కూర్చుంటే చెమటలు పడతాయి. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలుంటే పాత పేపర్లు నా దగ్గర ఉన్నాయి, తీసుకుపోవచ్చు.

మిగిలినవాటి సంగతి, ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు సంస్థవాళ్లు వచ్చారు, నేనూ మొహమాటపడి ఫీజులు వసూలు చేసి ఇచ్చాను. రాసిన ప్రతి ఒక్కరికీ బంగారు పతకమే వచ్చింది. పిల్లలు మెడలో వేసుకుని ఎండలో ఆడుకున్నారు, సాయంత్రానికి చొక్కాల మీద పసుపు మరకలు. అప్పటి నుంచి ఫీజు అడిగితే, ఎంపికైన తరువాతి మెట్టు ఏమిటో చెప్పమంటాను. తరువాతి మెట్టు లేని పరీక్షకు డబ్బు కట్టనక్కర లేదు.

యాత్రలకు ఎక్కడికి తీసుకుపోతారు? ఊటీ ఎప్పుడు?

ఊటీకి మీరే తీసుకుపోండి, చలికోట్లు మా దగ్గర లేవు. మన చుట్టూ ఉన్నవే పిల్లలకు ఒక బడి జీవితానికి చాలు, తిరుపతిలో పుట్టి పదేళ్లకూ ఇవేవీ చూడని పిల్లలు ఎంతమందో.

గాదంకి ముందు చెబుతాను. బస్సులో ఎన్నోసార్లు దాటిపోయి ఉంటారు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడుంది, అందులో ఎంఎస్‌టీ రాడార్. పొలం వంటి బయలులో వరుసకు 32 చొప్పున 32 వరుసల యాంటెన్నాలు, మొత్తం 1024. పూర్వం టీవీ కోసం ఇంటి మీద యాంటెన్నా పెట్టేవాళ్లమే, ఇవీ ఆ వంశానివే. అవన్నీ కలిసి ఆకాశంలోకి 53 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపి, పైన గాలి ఎటు కదులుతోందో చెబుతాయి. మొదటిసారి తీసుకుపోయినప్పుడు ఒకడు అడిగాడు: "డిష్ తిప్పకుండా దిక్కు ఎట్ల మారుస్తారు సార్?" అక్కడి శాస్త్రవేత్త ఆ ప్రశ్నకు ఎంత మురిసిపోయారంటే, మిగతా షెడ్యూలు పక్కన పెట్టి నేల మీద చాక్‌పీసుతో అలలు గీసి వివరించారు. ఒక్కో యాంటెన్నాకు సంకేతం కాస్త వెనకా ముందుగా ఇస్తే మొత్తం కిరణం పక్కకు వంగుతుందని. ముందుగా లేఖ రాసి అనుమతి తీసుకోవాలి, సైన్సు దినోత్సవం దగ్గర పడినప్పుడైతే పిల్లలను రానివ్వడం సులువు.

శ్రీకాళహస్తికి గుడి కోసం అందరూ పోతారు. మేం కలంకారీ కోసం పోతాం. గుడ్డను ఎనుము పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి మురగబెట్టిన ద్రవంతో వెదురు కలంతో గీతలు గీస్తారు. కలం గీసేటప్పుడు ఆ నీళ్లు పలుచగా ఉంటాయి, గుడ్డ తాకాక నల్లబడతాయి. కరక్కాయలో ఉన్న టానిన్, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. పాలలో కొవ్వు వల్ల రంగు పాకదు. పదో తరగతి రసాయనశాస్త్రం మొత్తం ఒక గుడ్డ మీద ఉంది, కుర్చీ వేసి చెప్పేవాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

చంద్రగిరి కోటకు పోతే పిల్లలకు ఒకటే పని ఇస్తాను: రాజమహల్లో కలప ముక్క ఎక్కడైనా కనిపిస్తే చూపించండి. రాయి, ఇటుక, సున్నంతో కట్టినదది. మరి పైకప్పు ఎట్ల నిలబడింది? రెండు గంటలు ఎవరూ పరుగులు పెట్టరు, అందరూ తల పైకెత్తుకునే నడుస్తారు.

అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఆరోవాళ్లకు, జూపార్కు కూడా వాళ్లకే. నేలపట్టు పక్షుల కేంద్రానికి చలికాలంలో పోతే గూడబాతులు చెట్ల మీద కాపురాలు పెట్టి ఉంటాయి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. అయితే ప్రయోగం వాయిదా పడొచ్చు. ఒకసారి మాకు అట్లే అయింది, సూళ్లూరుపేటలో ఇడ్లీలు తిని వెనక్కి వచ్చాం. పిల్లలు మాత్రం దాన్నీ యాత్రగానే లెక్కవేశారు.

ఇస్రోలో పిల్లలకు శిబిరం ఉందంట?

ఉంది, యువికా. 2019లో మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవిలో ఇస్రో కేంద్రాల్లో రెండు వారాలు, ఖర్చంతా వాళ్లదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు సగం వెయిటేజీ. మిగతా సగంలో ఆన్‌లైన్ క్విజ్జు, సైన్సు ఫెయిర్లు, ఆటలు, ఎన్‌సీసీ, స్కౌట్సు వగైరా. గ్రామీణ బడి పిల్లలకు అదనంగా కలుస్తుంది. మొదటి ప్రశ్నలో మార్కుల గురించి అడిగినవాళ్లు ఈ జవాబు ఇంకోసారి చదవండి.

ఆడపిల్లను ఆటలకు పంపాలంటే భయం. ఎనిమిది దాకా ఆడింది, ఇక చాలు అంటున్నారు ఇంట్లో.

ఈ ప్రశ్న తల్లులే అడుగుతారు, మగవాళ్లు అడగకుండానే మానిపిస్తారు. స్కూల్ గేమ్స్ పోటీలు అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని మూడు వయసుల్లో జరుగుతాయి. మండలం నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయం. ఎనిమిదిలో మానేసిందంటే అండర్ 17 మొత్తం పోయిందన్నమాట, అసలు ఆట వచ్చేది అప్పుడే.

మా ఖోఖో జట్టు ఎర్రమట్టిలో వట్టికాళ్లతో నేర్చుకున్నది. జట్టుకు 12 మంది, మైదానంలో 9 మంది. పెద్ద పోటీలకు పోతే అక్కడ మ్యాటు వేసి ఉంటుంది. మట్టి మీద జారుతూ మలుపు తిరిగే అలవాటున్న కాలిని మ్యాటు పట్టేస్తుంది. మొదటిసారి మా పిల్లలు మలుపు దగ్గర బోర్లా పడ్డారు. ఓడిపోయి బస్సులో వస్తూ ఒక పాప పీఈటీ మేడమ్‌తో అన్న మాట: "మేడమ్, తడిపిన గోనెపట్టాలు పరిచి ప్రాక్టీసు చేద్దామా?" చేశారు. నిజంగానే పనికొచ్చింది.

బయటి ఊరు పోయేటప్పుడు తప్పకుండా మహిళా టీచరు వెంట ఉంటారు, ఆడపిల్లల బసలోనే పడుకుంటారు. మీకు అనుమానముంటే ఒక అమ్మ కూడా రావచ్చు, బస్సులో సీటు పెడతాం. చిత్తూరు మెసానికల్ మైదానంలో పోటీలు జరిగినప్పుడు ఊరికే వచ్చి ఒక గంట కూర్చోండి. ఎంతమంది తల్లులు వస్తారో చూశాక మాట్లాడదాం.

వయసు సర్టిఫికెట్ మాత్రం ఉన్నదే ఇవ్వండి. ఏడాది తగ్గించమని అడిగేవాళ్లకు నా దగ్గరా, హెడ్మాస్టరు గారి దగ్గరా ఒకటే జవాబు.

మా పాపకు సిగ్గు. స్టేజీ ఎక్కమంటే ఏడుస్తుంది. బలవంతం చేయకండి సార్.

చేయను. స్టేజీ ఎక్కడమొక్కటే ధైర్యమని మేమూ చాలాకాలం అనుకున్నాం. నా అభిప్రాయం మార్చింది ఏడో తరగతి పాప ఒకతె. ప్రార్థన సమావేశంలో వార్తలు చదవమంటే కాగితం వణికేది, గొంతు బయటికి వచ్చేది కాదు. వాళ్ల అవ్వది కాళహస్తి, కలంకారీ పని. సైన్సు ఫెయిరుకు ఆ పాప రెండు గుడ్డ పీలికలు, ఒక సీసా తెచ్చింది. ఒకటి మామూలు గుడ్డ, ఒకటి కరక్కాయ పట్టించినది. సీసాలోది అవ్వ మురగబెట్టిన ఇనుప నీళ్లు. మామూలు గుడ్డ మీద చుక్క వేస్తే తుప్పు మరక, రెండోదాని మీద వేస్తే కళ్ల ముందే నలుపు. అంతే ప్రదర్శన. థర్మోకోల్ లేదు, లైట్లు లేవు.

బల్ల చుట్టూ జనం మూగారు. ఒకరికి చెప్పింది. పక్కనున్నవారు ఇంకోసారి వేయమన్నారు. వాళ్లకు చెప్పింది. మధ్యాహ్నానికి "కొంచెం జరగండి, వెనకవాళ్లకు కనబడాలి" అని మండల విద్యాధికారి గారితోనే అనేసింది! సాయంత్రం గొంతు బొంగురుపోయి ఉంది. వెయ్యిమంది ముందు ఒక్కసారి మాట్లాడలేని పాప, ఒక్కొక్కరితో వందసార్లు మాట్లాడింది. ఇప్పటికీ స్టేజీ ఎక్కదు. మేమూ ఎక్కమనడం లేదు.

గంగమ్మ జాతరకు వేషం కట్టిస్తాం. బడిలో ఏమైనా అంటారా?

జాతర వచ్చేదే మే నెలలో, బడులకు సెలవులు. ఎవరంటారు? తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, ఒక్కోనాడు ఒక్కోటి కట్టి వీధుల్లో తిరిగిన పిల్లవాడికి నేను నాటకంలో మళ్లీ కొత్తగా ఏం నేర్పాలి? జూన్‌లో రాగానే ఆ వేషం ఎవరు కట్టారు, బొగ్గు ఎవరు పూశారు, ఆ వేషానికి కథ ఏమిటి అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రెండు పేజీలు రాసుకురమ్మంటాను. మా బడి చేతిరాత పత్రికలో అందరూ ముందు చదివేది ఆ పేజీలే.

ఎన్‌సీసీ మంచిదా, స్కౌట్సు మంచిదా?

మీ బడిలో ఏది ఉంటే అది. ఎన్‌సీసీ జూనియర్ విభాగంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రెండేళ్లు చేసి 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష రాస్తారు. స్కౌట్సు, గైడ్సులో ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు దాటి రాజ్య పురస్కార్, ఆ పైన రాష్ట్రపతి పురస్కారం. రెండింట్లోనూ బూట్లు పాలిష్ చేసుకోవడం మాత్రం తప్పకుండా వస్తుంది.

ఈ సర్టిఫికెట్లు ఎక్కడ పనికొస్తాయి?

అన్నీ పనికిరావు, కొన్ని చాలా పనికొస్తాయి. పదో తరగతి మార్కులతో చేర్చుకునే ట్రిపుల్ ఐటీల్లో, అంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపసుల్లో, ఎన్‌సీసీ, క్రీడలు, స్కౌట్సు పిల్లలకు ప్రత్యేక కేటగిరీలు ఉన్నాయి. అందుకు గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లే చూస్తారు. 'ప్రపంచ రికార్డు' అని డబ్బు తీసుకుని ఇచ్చే ప్లేట్లు షోకేసులోకే.

లామినేషన్ చేయించకండి. ప్రతి ఏడూ చెబుతాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు ప్రేమకొద్దీ చేయిస్తారు. వెనక సంతకం, ముద్ర వేయించాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు ఒకటి కొని అందులో పెట్టండి, ఎలుకలకు అందకుండా.

మావాడికి కాలు సరిగా లేదు. వాడు వీటిలో ఏం చేస్తాడు?

మీవాణ్నే అడుగుదాం, మనం తేల్చవద్దు. మొదట వాడికి స్కోరు రాసే పని ఇద్దామని నేనన్నాను. వాడు క్యారమ్స్ ఆడతానన్నాడు, పీఈటీ సారును ఓడించాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్లతో కూడా మాట్లాడి ఉంచాను.

ఖర్చు ఎంత?

క్లబ్బులకు ఏమీ లేదు. యాత్రలకు బస్సు బాడుగ తలా పంచుకుంటాం. కట్టలేనివారు నాతో చెవిలో చెబితే చాలు, పిల్లల ముందు పేర్లు చదవం.

మా పాపకు ప్రైజు వచ్చింది. బడి ముందు ఫ్లెక్సీ కట్టించుకోవచ్చా?

సంతోషం నాకర్థమవుతుంది. కానీ మన తిరుపతిలో ఫ్లెక్సీ అంటే పాప ముఖం తపాలా బిళ్లంత, దాని చుట్టూ పెదనాన్నలు, మామలు, వార్డు నాయకులు బండ్ల మీద కూర్చున్న ఫోటోలు. పాప పేరు, తరగతి, ఊరు, ఫోటో అన్నీ రోడ్డు మీద వేలాడటం నాకు ఇష్టం లేదు. దాని బదులు పాప చేసినదాన్నే సైన్సు గదిలో పెడతాం, కింద చేత్తో రాసిన చీటీ. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో గ్రంథాలయానికి పుస్తకాలు కొనిచ్చారు ఒక తండ్రి, మొదటి పేజీలో కూతురు పేరు రాసి.

ప్రైజు రాలేదని రెండు రోజులుగా అన్నం తినడం లేదు.

మూడో రోజు తింటాడు. "ఎవరికి వచ్చింది, వాళ్లు ఏం చేశారు?" అని మాత్రం అడగండి. పక్కింటి పిల్లవాడి పేరు ఎత్తకండి.

మిమ్మల్ని ఎప్పుడు కలవొచ్చు?

శనివారం బడి అయ్యాక సైన్సు గదిలో ఉంటాను. లోపలికి వచ్చేటప్పుడు తలుపు పక్కన చూసుకుని రండి, పొడుగ్గా ఒక దోటి ఆనించి ఉంటుంది, దానికి చీర గుడ్డ గొట్టం. దాన్ని చేసినవాడు ఇప్పుడు పదో తరగతి. డిసెంబరు తర్వాత ముట్టుకోవద్దని చెప్పాను గానీ, మొన్న చూస్తే మధ్యలో ఒక వెదురు ఊతం కొత్తగా కట్టి ఉంది.